పనితీరు దాచే పనిభారం



ఎవరి జ్ఞాపకార్థం మనమిక్కడ చేరామో ఆ మాస్టారు చాలాకాలం రైలింజను నడిపి, ఆ తర్వాత నడిపేవాళ్లకు పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఆయన శిష్యులు ఈ హాలులో చాలామందే ఉన్నారు. ఆయన గురించి నాకన్నా వాళ్లే బాగా చెప్పగలరు. నా వృత్తి వేరు. పనిచేసే మనిషి మీద పడే మానసిక భారాన్ని కొలవడం నా పని. ఈ శాస్త్రానికి విమానం కాక్‌పిట్‌తోనూ, రాడార్ గదితోనూ, ఇంజను క్యాబుతోనూ దగ్గరి చుట్టరికం ఉంది. అందుకే ఈ వేదిక మీద దీని గురించే మాట్లాడడం ఉచితమనిపించింది.

నా వాదన ముందే చెప్పేస్తాను. పని బాగా జరిగినంత మాత్రాన తేలికగా జరిగినట్టు కాదు. పనితీరు బయటికి కనిపించే ఫలితం. పనిభారం ఆ ఫలితం రాబట్టడానికి మనిషి లోపల పెట్టిన ఖర్చు. గూడ్స్ షెడ్డులో కాటా మీద బస్తా యాభై కిలోలే తూగుతుంది. పొద్దున్నే మోసిన మొదటి బస్తా అంతే, పొద్దుగూకేటప్పుడు మోసిన చివరి బస్తా అంతే. హమాలీ మెడనడిగితే లెక్క వేరు. బస్తా వ్యాగన్‌లోకి చేరిందా లేదా అని మాత్రమే చూసేవాడికి ఆ రెండింటికీ తేడా కనపడదు. అనుకోకుండా ఇంకో బస్తా మోయాల్సి వచ్చినప్పుడే ఆ తేడా బయటపడుతుంది. మనిషిలో ఆ ‘ఇంకొకటి’ మోయగల శక్తి ఎంత మిగిలి ఉందో ముందే తెలుసుకోవడం ఎలా? ఈ శాస్త్రమంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

గడియారంతో మొదలైన కొలత

పనిని కొలవడం అనగానే ముందుగా గుర్తొచ్చే పేరు ఫ్రెడరిక్ టేలర్. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో ఆయన స్టాప్‌వాచ్ పట్టుకుని కూలీల పక్కన నిలబడ్డాడు. ఇనుప దిమ్మెలు వ్యాగన్లకెక్కించే మనిషి రోజుకు పన్నెండున్నర టన్నులు మోస్తున్న చోట, కదలికలనూ విరామాలనూ సవరిస్తే 47 టన్నుల దాకా మోయించవచ్చని లెక్కగట్టి రాసుకున్నాడు. ఆయన పద్ధతిలో విరామానికి చోటుంది, కానీ కూలీని అడగడానికి చోటు లేదు. ఎన్ని టన్నులు, ఎన్ని నిమిషాలు అన్నంత వరకే ఆ లెక్క.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు ఈ లెక్క చాలలేదు. మందుగుండు కర్మాగారాల్లో ఆడా మగా వారానికి ఏడు రోజులూ పనిచేస్తున్నా ఉత్పత్తి ఆశించినంత పెరగడం లేదు. 1915లో ప్రభుత్వం ఆ కార్మికుల ఆరోగ్యం మీద ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ కోసం లెక్కలు తీసిన హెచ్. ఎం. వెర్నన్, పనిగంటలు తగ్గించినప్పుడు మొత్తం ఉత్పత్తి పడిపోకపోగా కొన్ని పనుల్లో పెరిగిందని చూపించాడు. అలసట కంటికి కనపడకపోయినా ఉత్పత్తి లెక్కల్లో దాని జాడ దొరుకుతుందని తేలింది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి బరువు ఒంటి మీద నుంచి బుర్ర మీదికి మారింది. అమెరికన్ బి-17 బాంబర్ల పైలట్లు నేలకు దిగిన తర్వాత రెక్కల ఫ్లాపులు ఎత్తబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. ఫైళ్లలో ‘పైలట్ తప్పిదం’ అని రాసేవారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూశాడు. ఫ్లాపుల మీటా, చక్రాల మీటా పక్కపక్కనే ఉన్నాయి, ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రాన్నీ, ఫ్లాపుల మీటకు ఏటవాలు చెక్కలాంటి తలనూ తగిలిస్తే, చీకట్లో కూడా చెయ్యే గుర్తుపడుతుందన్నాడు. ఆ మార్పుతో ఆ రకం ప్రమాదాలు ఆగిపోయాయి. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇలాంటి 460 ‘పైలట్ తప్పిదాల’ను విడివిడిగా పరిశీలించి, వాటిలో చాలావాటికి మూలం పరికరాల అమరికలోనే ఉందని నిరూపించారు. మనిషిని నిందించే ముందు పనిని పరీక్షించాలన్న సూత్రం అక్కడ గట్టిపడింది.

అదే కాలంలో ఇంగ్లండులో ఇంకో చిక్కు వచ్చింది. సముద్రం మీద జర్మన్ జలాంతర్గాముల కోసం రాడార్ తెర చూస్తూ కూర్చునే వైమానిక దళం మనుషులు, కాసేపయ్యాక కళ్ల ముందున్న చుక్కనే గుర్తించలేకపోతున్నారు. నార్మన్ మాక్‌వర్త్ కేంబ్రిడ్జిలో ఒక పరీక్ష తయారుచేశాడు. అంకెలూ గీతలూ లేని తెల్లటి పలక, దాని మీద ఒక ముల్లు. ముల్లు సెకనుకో అడుగు వేస్తూ వంద అడుగుల్లో చుట్టు తిరుగుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం ఒకేసారి రెండడుగుల దూరం దూకుతుంది. అప్పుడు మీట నొక్కాలి. అంతే పని. ఒంటరిగా రెండు గంటలు. మొదటి అరగంట దాటేసరికే దూకుళ్లు తప్పిపోవడం ఎక్కువైంది. అరగంట పని, అరగంట విరామం చొప్పున మార్చి కూర్చోబెడితే ఆ తరుగుదల కనపడలేదు. 1948లో అచ్చయిన ఈ ఫలితాలు, కదలకుండా కూర్చుని కనిపెట్టుకుని ఉండడం విశ్రాంతి కాదని తేల్చాయి. తర్వాతి దశాబ్దాల్లో జోయెల్ వార్మ్ బృందం ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లను భారం ఎంతని అడిగితే, వాళ్లు చాలా ఎక్కువని గుర్తు పెట్టారు. చూసేవాడికి ఖాళీగా కూర్చున్నట్టుండే పనే చేసేవాడిని పీల్చేస్తుందన్నమాట.

క్యాబులో ఒక నిమిషం

ఈ మాటలు మన నేల మీద ఎలా వర్తిస్తాయో చూద్దాం. మన గ్రాండ్ ట్రంక్ మార్గంలో గంటకు 130 కిలోమీటర్ల వేగంతో రైళ్లు నడుస్తున్నాయి. అంటే సెకనుకు 36 మీటర్లు. ఆటోమేటిక్ సిగ్నలింగ్ ఉన్న చోట సుమారు కిలోమీటరుకో సిగ్నల్ అనుకుంటే, 28 సెకన్లకో సిగ్నల్ ఎదురవుతుంది. లోకో పైలట్ సిగ్నల్ చూసి రంగు పైకి పలుకుతాడు, చేయి చాచి చూపిస్తాడు. అసిస్టెంట్ తానూ చూసి తిరిగి పలుకుతాడు. పచ్చ అయితే సాగిపోవడమే. రెండు పసుపులైతే ముందున్న సిగ్నల్ కట్టడిలో ఉందని సిద్ధపడాలి. ఒక్క పసుపైతే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి తయారవ్వాలి. ఈ మధ్యలో, ఎక్కడ వేగం తగ్గించాలో చెప్పే కాషన్ ఆర్డర్‌లో రాసిన కిలోమీటరు రాయి ఎక్కడొస్తుందో గుర్తుంచుకోవాలి, గేటు ముందు హారన్ కొట్టాలి, వాకీటాకీలో స్టేషన్ పిలిస్తే పలకాలి.

క్యాబులో అప్రమత్తతను కాపలా కాసే పరికరం ఒకటుంది. దాదాపు ఒక నిమిషం పాటు హారన్, బ్రేకు, నాచ్ వేటినీ ముట్టుకోకపోతే దీపం వెలుగుతుంది, పలక్కపోతే బజర్ మోగుతుంది, అప్పటికీ బటన్ నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. మంచి పరికరమే. కానీ లెక్క వేసి చూడండి. 130 వేగంలో ఒక నిమిషానికి బండి రెండు కిలోమీటర్లకు పైగా పోతుంది. అంటే రెండు సిగ్నళ్లు వెనక్కి వెళ్లిపోతాయి. పైగా ఆ పరికరం చూసేది చెయ్యి కదిలిందా లేదా అన్నదొక్కటే. అలవాటుపడ్డ చెయ్యి కునుకుపాటులో కూడా బటన్ నొక్కగలదు. చెయ్యి ఉందని తెలుసుకోవడం సులువు, ధ్యాస ఉందని తెలుసుకోవడం కష్టం.

ఇప్పుడు ఇలాంటి ఒక డ్యూటీ రికార్డు తీసి చూస్తే ఏముంటుంది? వేగం పరిమితి దాటలేదు, సిగ్నల్ డేంజర్‌లో దాటలేదు, బండి సమయానికి చేరింది. పనితీరు నూటికి నూరు. అదే మనిషి వరసగా రాత్రి డ్యూటీలు చేసి, తెల్లవారుజామున మూడున్నరకు అదే సెక్షన్ నడిపినా రికార్డు ఇలాగే ఉండవచ్చు. అనుభవమున్న మనిషి భారం పెరిగినప్పుడు పనిని పడిపోనివ్వడు. ఇంకాస్త బిగుసుకుని కూర్చుంటాడు, కిటికీ తెరిచి గాలి పెట్టుకుంటాడు, అసిస్టెంట్‌ను మాటల్లో పెడతాడు. ఫలితం నిలబెట్టడానికి లోపలి నిల్వలోంచి తీసి ఖర్చుపెడతాడు. అందుకే మంచి పనివాళ్ల దగ్గరే పనితీరు పనిభారాన్ని ఎక్కువగా దాచేస్తుంది. సిగ్నల్‌ను డేంజర్‌లో దాటిన కేసులు, అంటే స్పాడ్ కేసులు, ఎన్నో లెక్కపెడితే భద్రత తెలిసిపోతుందనుకోవడం కూడా ఇలాంటిదే. అవి అరుదు. మామూలు రాత్రుల గురించి అవి మనకేమీ చెప్పవు.

నాలుగు దారులు

మరి ఆ నిల్వను కొలిచేదెలా? ఇప్పటిదాకా నాలుగు దారులున్నాయి.

మొదటిది అసలు పనినే సన్నగా కొలవడం. తప్పు జరిగిందా లేదా అని కాకుండా, స్పందించడానికి ఎంతసేపు పట్టింది, వేగం ఎంత నిలకడగా ఉంది, బ్రేకు ఒక్కసారిగా వేశాడా మెల్లగా వేశాడా అని చూడడం. తప్పు దాకా రాకముందే తడబాటు ఇక్కడ కనపడవచ్చు.

రెండోది పక్కన ఇంకో చిన్న పని పెట్టడం. కారు నడిపేవాడి కంటికి దగ్గరగా చిన్న ఎర్రదీపం అమర్చి, మూడు నుంచి ఐదు సెకన్లకోసారి వెలిగిస్తారు. వెలిగిన ప్రతిసారీ వేలికి కట్టిన బటన్ నొక్కాలి. దీనికి 2016లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బటన్ చప్పున పడుతుంది. కూడలిలో ఇరుక్కున్నప్పుడు ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు అసలు పడనే పడదు. ఆ ఆలస్యమే భారానికి కొలత, ఎందుకంటే అసలు పని తినగా మిగిలిందే పక్క పనికి దక్కుతుంది. డేవిడ్ స్ట్రేయర్, విలియం జాన్‌స్టన్ 2001లో ఇదే కోవలో ఒక ప్రయోగం చేశారు. నడపడాన్ని పోలిన పనిలో ఉన్నవాళ్లను ఫోన్లో మాట్లాడించారు. ఫోను చేతిలో ఉన్నా, చేతులకు పనిలేని ఏర్పాటున్నా సిగ్నళ్లు తప్పిపోవడంలో తేడా లేదు. మన ఊళ్లలో హెల్మెట్‌లో ఫోను దోపుకుని మాట్లాడుతూ బండి నడిపేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది. అక్కడ అడ్డుపడేది ఫోను పట్టుకున్న చెయ్యి కాదు, సంభాషణ.

మూడోది ఒంటిని అడగడం. 1966లో డేనియల్ కానమన్, జాక్సన్ బీటీ మనుషులకు అంకెలు వినిపించి గుర్తుపెట్టుకోమన్నారు. ఒక్కో అంకె చేరేకొద్దీ కనుపాప కాస్త కాస్త విప్పారింది. అంకెలు తిరిగి అప్పజెప్పేకొద్దీ మళ్లీ ముడుచుకుంది. గుండె కూడా చెబుతుంది. ఆలోచనభారం పెరిగితే ఒక చప్పుడుకూ ఇంకో చప్పుడుకూ మధ్య ఉండే సహజమైన హెచ్చుతగ్గులు తగ్గిపోతాయి. చెప్పడానికి బాగుంది, ప్రయోగశాల దాటితేనే తంటా. అరకు లైన్లో సొరంగంలోకి వెళ్లి బయటికొచ్చే బండిలో కనుపాప వెలుతురుకు పలుకుతుందా, ఆలోచనకు పలుకుతుందా? రామగుండం ఎండాకాలంలో క్యాబులో కూర్చున్నవాడి గుండె వేగం వేడిదా, పనిదా? ఒంటి కొలతలు అబద్ధం చెప్పవు, కానీ అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతాయన్న హామీ లేదు.

నాలుగోది నేరుగా మనిషినే అడగడం. శాస్త్రీయం కాదని మొదట్లో చాలామంది పెదవి విరిచిన ఈ దారే ఇవాళ అన్నింటికన్నా ఎక్కువగా వాడుకలో ఉంది. నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్ కలిసి 1988లో అచ్చువేసిన పనిభార సూచిక, నాసా టీఎల్‌ఎక్స్, దీనికి మూలస్తంభం.

ఆ కాగితాన్ని దగ్గరగా చూద్దాం. డ్యూటీ దిగి రన్నింగ్ రూమ్‌కు చేరిన లోకో పైలట్ ముందు దాన్ని పెట్టామనుకోండి. ఆరు అడ్డగీతలుంటాయి. ఒక్కోదాన్ని 20 గడులుగా విభజించారు. బుర్రకెంత పని పడింది, ఒంటికెంత పని పడింది, సమయం ఎంత తరిమింది, పని ఎంత బాగా కుదిరింది, ఎంత కష్టపడాల్సి వచ్చింది, ఎంత చిరాకు పుట్టింది. ప్రతి గీత మీదా ఒక గుర్తు పెట్టాలి. దాన్ని సున్నా నుంచి వంద దాకా మార్కులుగా చదువుతారు. ఇక్కడ ఒక గోతి ఉంది. ఐదు గీతలు తక్కువ నుంచి ఎక్కువకు సాగితే, పని కుదిరిన తీరును అడిగే గీత మాత్రం ‘బ్రహ్మాండం’ నుంచి ‘విఫలం’ వైపు సాగుతుంది. నిద్రకళ్లతో ఉన్న మనిషి బాగా చేశానన్న ధీమాతో కుడి చివర గుర్తు పెట్టేస్తాడు. ఆ ఒక్క గీతను నోటితో వివరించకుండా కాగితం చేతికిచ్చి వచ్చేస్తే, తెచ్చిన అంకెలు పనికిరావు.

ఆ తర్వాత ఆరింటినీ జతలు జతలుగా చూపించి, ఈ పనిలో భారానికి ఈ రెండింట్లో ఏది ఎక్కువ కారణమని అడుగుతారు. మొత్తం 15 జతలు. ఎన్నిసార్లు ఏది ఎంచుకుంటే దానికి అంత తూకం. ఉదాహరణకు బుర్ర పని 80 మార్కులకు తూకం 5, సమయం ఒత్తిడి 70కి 4, ప్రయాస 60కి 3, చిరాకు 50కి 2, పనితీరు 30కి 1, ఒంటి పని 20కి సున్నా వచ్చాయనుకుందాం. గుణించి కూడితే 990. పదిహేనుతో భాగిస్తే 66. తూకాలు లేకుండా ఆరు మార్కుల సగటు తీస్తే దాదాపు 52 వస్తుంది. మనిషి ఒకడే, రాత్రి ఒకటే, అంకెలు రెండు. రెండు పద్ధతులూ చెల్లుబాటైనవే. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి వాడి పోల్చి చూస్తే మాత్రం లెక్క చెడుతుంది. 66 దాటితే ప్రమాదమని చెప్పే ఎర్రగీత కూడా ఏదీ లేదు. అదే పనిని మార్చక ముందూ మార్చిన తర్వాతా కొలిచి పోల్చినప్పుడే ఈ అంకెకు అర్థం.

నాకు ఈ కాగితంలో అన్నింటికన్నా నచ్చేది ఆరో గీత, చిరాకు. ఏ యంత్రమూ దాన్ని పట్టుకోలేదు. బండిని కారణం చెప్పకుండా లూప్‌లైన్లో గంటసేపు నిలబెడితే వేగం రికార్డులో సున్నా ఉంటుంది, కాగితం మీద మాత్రం ఆ గంట బరువు కనిపిస్తుంది.

కొలతలు పొసగనప్పుడు

ఈ నాలుగు దారులూ ఒకే చోటికి చేరితే నేనింతసేపు మాట్లాడనవసరం లేదు. చాలాసార్లు చేరవు. కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడు కంగారుపడి, ఏదో ఒక కొలత తప్పని కొట్టేస్తారు. తొందరపడకూడదు.

పనితీరు బాగుండి, మనిషి మాత్రం భారమంటున్నాడనుకోండి. ఫిర్యాదులు చెప్పే స్వభావం అని తీసిపారేయడం తేలిక. నిజానికి ఆ మనిషి తన నిల్వ అడుక్కొచ్చిందని చెబుతున్నాడు. ఇంకా తప్పు జరగలేదు కాబట్టి సరిచేసుకోవడానికి ఇదే అదను. ఇంకో సందర్భంలో కొత్త తెర పెట్టాక ఫలితాలు మెరుగవుతాయి, మనుషులు కష్టం పెరిగిందంటారు. అందులోనూ తిరకాసు లేదు. ఎక్కువ సమాచారం ఇచ్చే తెర ముందు మనిషి ఎక్కువ శ్రద్ధ పెడతాడు, ఎక్కువ రాబడతాడు, ఎక్కువ అలసిపోతాడు. యేయ్-యూ యే, క్రిస్టఫర్ వికెన్స్ 1988లోనే ఈ ఎడబాటు ఎప్పుడెప్పుడు వస్తుందో వివరించారు.

భయపెట్టేది దీనికి తలకిందులైన సందర్భం. పనితీరు పడిపోతోంది, మనిషి మాత్రం బాగానే ఉన్నానంటున్నాడు. హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ బృందం 2003లో ఆరోగ్యవంతులైన 48 మందితో చేసిన ప్రయోగంలో కొందరిని 14 రోజుల పాటు రాత్రికి ఆరు గంటలే, కొందరిని నాలుగు గంటలే పడుకోనిచ్చింది. రోజూ చురుకుదనం పరీక్షలు పెట్టారు. తెర మీద గుర్తు కనపడగానే బటన్ నొక్కడం అందులో ఒకటి. అర సెకను దాటితే ధ్యాస తప్పినట్టు లెక్క. రోజు రోజుకీ ధ్యాస తప్పడం పెరుగుతూ పోయింది. రెండు వారాలయ్యేసరికి వాళ్ల లోటు ఒకటి రెండు రాత్రులు పూర్తిగా నిద్రమానిన వాళ్ల లోటుతో సమానంగా తేలింది. నిద్ర వస్తోందా అని అడిగితే మాత్రం మొదటి కొద్ది రోజుల తర్వాత జవాబు పెద్దగా మారలేదు. ఒళ్లు లోటుకు అలవాటు పడలేదు, మనసు దాన్ని గమనించడం మానేసింది. “అలవాటైపోయిందండీ” అని రాత్రి డ్యూటీల మనుషులు తరచుగా అనే మాటను ఈ వెలుగులో వినాలి. నిద్రలేమి ఉన్నచోట మనిషిని అడగడమొక్కటే చాలదు. నిద్ర సమస్య లేని చోట పరికరాన్ని అడగడమొక్కటే చాలదు. అందుకే కనీసం రెండు దారులు కలిపి కొలవాలంటాను.

యంత్రం చేతికి పని వెళ్లాక

మనిషి తప్పు చేస్తాడు కాబట్టి యంత్రానికి అప్పగిద్దామనేవాళ్లు చాలామంది. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లో రాసిన చిన్న వ్యాసం ఈ ఆశలోని తిరకాసును బయటపెట్టింది. తేలికైన పనులు యంత్రం తీసేసుకుంటుంది. మనిషికి మిగిలేవి రెండు: యంత్రాన్ని కనిపెట్టుకుని కూర్చోవడం, అది చేతులెత్తేసినప్పుడు అందుకోవడం. మొదటిది మాక్‌వర్త్ ముల్లు చూడడం లాంటిది. రెండోది, రోజూ చేయని పనిని గడ్డు నిమిషంలో నేర్పుగా చేయమనడం.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లో దాని దీపం ఆరిపోయింది. ఆ దీపం చెప్పేది మూసుకోమని ఆదేశం వెళ్లిందని మాత్రమే, వాల్వు మూసుకుందని కాదు. మొదటి నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురుశుద్ధి కర్మాగారంలో, పేలుడుకు ముందు ఆఖరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు వచ్చాయి. నిమిషానికి 25. ఒక్కోదాన్ని చదివి, అర్థం చేసుకుని, ఏదో ఒకటి చేయడానికి రెండున్నర సెకన్లు కూడా లేవు. ఆ అలారాలు పెట్టిన ఇంజనీరు ఒక్కోదాన్నీ విడిగా చూసుకుని సబబే అనుకుని ఉంటాడు. అన్నీ ఒకేసారి మోగితే ఎదుట కూర్చున్న మనిషికి ఏం మిగులుతుందో కొలిచి చూసినవాళ్లు లేరు.

మన దగ్గర ఇప్పుడు కవచ్ వస్తోంది. దాని తొలి పరీక్షలు లింగంపల్లి, వికారాబాద్ మధ్య మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. సిగ్నల్ రంగును క్యాబులోని తెర మీదికే తెచ్చి చూపే, లోకో పైలట్ స్పందించకపోతే తానే బ్రేకు వేసే ఏర్పాటు అది. ప్రాణాలు కాపాడేది కాబట్టి రావలసిందే, త్వరగా రావలసిందే. నా విన్నపం ఒకటే. తెర వచ్చాక పైలట్ కళ్లు పట్టాల మీద ఎంతసేపు, తెర మీద ఎంతసేపు ఉంటున్నాయో, తెర ఆగిపోయి మళ్లీ పాత పద్ధతిలో నడపాల్సి వచ్చిన మొదటి నిమిషాల్లో భారం ఎంత పెరుగుతోందో వరసగా కొలుస్తూ పోవాలి. యంత్రం పనిచేస్తోందా అన్నది సగం పరీక్ష. దాని పక్కన మనిషి ఎలా పనిచేస్తున్నాడన్నది మిగతా సగం.

కొలత ఎవరి చేతిలో

కొలత మంచిదైనా అది ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో ప్రశ్న. అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరేవాళ్లు కంప్యూటర్ మీద జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, దూరం అంచనా లాంటి పరీక్షలు రాస్తారు. ప్రతి పరీక్షలోనూ కనీసం 42 టి-స్కోరు రావాలి, ఏ వర్గానికీ సడలింపు లేదు. ఆ జాగ్రత్త అవసరమే. కానీ అది మనిషి సామర్థ్యాన్ని ఉద్యోగంలో చేరే రోజు కొలుస్తుంది. పదేళ్ల తర్వాత ఒకానొక రాత్రి ఆ సామర్థ్యం మీద పని ఎంత బరువు మోపిందో చెప్పదు. పాసైన మనిషి అలసిపోడన్న భ్రమ మనకు కలగకూడదు.

హైదరాబాద్ కాల్‌సెంటర్లలో ఇంకో రకం సంగతి. ఒక్కో కాల్ ఎన్ని సెకన్లలో ముగించారో తెర మీద అప్పటికప్పుడు కనిపిస్తుంది. ఒక కాల్‌కూ ఇంకో కాల్‌కూ మధ్య ఊపిరి తీసుకున్న సమయం కూడా లెక్కకొస్తుంది. పనితీరును సెకన్లలో కొలిచే ఈ యంత్రాంగంలో భారాన్ని కొలిచే గీత ఒక్కటి కూడా లేదు. తిట్లు తింటూ నవ్వుగొంతుతో మాట్లాడిన ఐదు నిమిషాలూ, చిరునామా చెప్పి పెట్టేసిన ఐదు నిమిషాలూ అక్కడ ఒకటే. టేలర్ కాలం నుంచి కదలకుండా ఆగిపోయిన కొలత ఇది. గడియారం మాత్రం కంప్యూటర్‌లోకి మారింది.

దీనికి మందు ఇంకా ఎక్కువ నిఘా పెట్టడం కాదు. భారం గురించి మనిషి రాసిచ్చిన కాగితం రేపు అతని చార్జిషీటుకు జతపడుతుందని అనుమానం వస్తే, ఎల్లుండి నుంచి అందరి మార్కులూ ముచ్చటగా ముప్పై దగ్గరే ఆగుతాయి. కొలత ఉంటుంది, సమాచారం ఉండదు. గుండె వేగం పట్టీ ఉద్యోగి చేతికి కట్టి ఆ లెక్కలు అధికారి తెర మీద చూపితే జరిగేదీ ఇంతే. పనిభారం కొలతలో ప్రశ్న ‘ఈ మనిషి పనికొస్తాడా’ అని కాదు, ‘ఈ పని మనిషికి పనికొస్తుందా’ అని. ఈ రెండు ప్రశ్నలనూ ఒకే ఫైలులో పెట్టిన రోజున రెంటికీ నిజమైన జవాబు రాదు.

కాబట్టి ఈ సభ ముందు నాలుగు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, మన పరిధిలో ఏ సంస్థలోనైనా, పనితీరు అంకె రాసే ప్రతి నివేదికలో దాని పక్కన భారం అంకె కూడా రాయాలి. అందరినీ అడగనక్కర్లేదు, కొన్ని డ్యూటీలను ఎంచి, పేరు లేకుండా, ఆరు గీతల కాగితంతో అడిగినా చాలు. రెండు, కొలిచేవాళ్లు తమకు వీలైన పగటి వేళ కాకుండా, పనిచేసేవాడికి గడ్డుగా ఉండే వేళ కొలవాలి. వరసగా వచ్చిన రాత్రి డ్యూటీల్లో చివరిది, తెల్లవారుజామున మూడుకూ ఐదుకూ మధ్య. మూడు, కొత్త తెర, కొత్త అలారం, కొత్త టైంటేబుల్ ఏది వచ్చినా, రాకముందొకసారి, వచ్చాక ఒకసారి, అలవాటయ్యాక ఇంకోసారి కొలవాలి. నాలుగు, ఈ కొలతలను క్రమశిక్షణ చర్యలకు వాడబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. వీటిలో ఖర్చయ్యేది తక్కువ. అడగాలన్న ఉద్దేశమే కొరత.

ఒక వ్యవస్థ భద్రంగా ఉందా అని అడిగితే, నిన్నటిదాకా ఏమీ జరగలేదు కదా అన్నది జవాబు కాదు. అనుకోనిది ఎదురైన నిమిషంలో దాన్ని అందుకోవడానికి మన మనిషిలో ఎంత మిగిలి ఉంటుందో చెప్పగలగాలి. ఆ లెక్క లేని సంస్థ ఎంత క్రమశిక్షణతో నడుస్తున్నట్టు కనిపించినా, పనివాళ్ల ఓర్పు మీద అప్పు చేసి నడుస్తున్నట్టే. ఆ అప్పు ఎంతయిందో తెలుసుకునే సాధనాలు 1988 నుంచీ మన చేతిలో ఉన్నాయి. వాడకపోవడానికి ఇక సాకు లేదు.